పదకొండో నంబరు ఫోటో

వనపర్తి బస్టాండు వెనక సందులో వలస కూలీల సహాయ కేంద్రం అని ఒక రేకు బోర్డు వేలాడేది. ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో కేంద్రం నడిపే శ్రీనాథ్ సార్ కూర్చునేవాడు. వెనక గదిలో ఒక కంప్యూటరు, దాని ముందు స్వరూప. ఆమెది తెలకపల్లి. డిగ్రీ అయినాక నాగర్‌కర్నూల్‌లో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, రెండేళ్లుగా ఇక్కడ పని చేస్తోంది.

పాలమూరు నుంచి పుణె, బొంబాయి, బీజాపూర్ దిక్కులకు మట్టి పనికీ, రాయి పనికీ పోయిన మనుషుల్లో ఏటా కొందరు తిరిగి వచ్చేవాళ్లు కాదు. ఎటు పోయారో ఎవరికీ తెలిసేది కాదు. అక్కడి సర్కారు దవాఖానల్లో ఎవరూ రాని శవాల్లో మన మనిషి అని అనుమానం వస్తే, కేంద్రానికి తెలిసిన నర్సులు, వార్డు మనుషులు ఫోటో తీసి పంపేవాళ్లు. చొక్కా కాలరు మీద తెలుగులో దర్జీ పేరు ఉందనో, చావబోయే ముందు తెలుగులో ఏదో కలవరించాడనో వాళ్ల అనుమానం. ఆ ఫోటోలను సైటులో పెట్టాలన్న ఆలోచన స్వరూపదే. ఇప్పుడు ప్రతి కూలీ గుంపులో ఒకరిద్దరి దగ్గరన్నా నెట్ వచ్చే ఫోను ఉంటోంది గదా సార్, పని కాడనే చూసుకుంటరు అంది. శ్రీనాథ్ సార్ సరే అన్నాడు. రెండు వేల తొమ్మిది జనవరి నెలాఖరులో పేజీ మొదలైంది.

ఆమె బాగానే ఆలోచించింది. తెలుగు అక్షరాలు ఆ ఫోన్లలో డబ్బాలు డబ్బాలుగా వస్తాయని తెలుసు. అందుకని తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది: వయసు సుమారుగా ఇంత, ఒంటి మీద ఫలానా చొక్కా, ఫలానా దవాఖాన. ప్రతిదానికీ ఒక నంబరు, నంబరు కింద ఫోటో. పని పూర్తయిన రోజు శ్రీనాథ్ సార్‌ను పిలిచి చూపించింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "శాన మంచి పని చేసినవమ్మా" అన్నాడు. పదిమందికి ఉపయోగపడే పని చేశానన్న తృప్తి ఆమెకు చాలా రోజులు ఉంది.

మార్చి మొదటి సోమవారం సాయంత్రం పదకొండో ఫోటో వచ్చింది. మహారాష్ట్రలో ఒక పెద్ద ఊరి దవాఖాన నుంచి మలయాళీ నర్సు పంపింది. ఒక పిల్లగాడు రైలు ప్లాట్‌ఫారం మీద స్పృహ లేకుండా దొరికాడు. తలకు దెబ్బ. రెండు రోజులు బతికాడు గానీ పేరు చెప్పలేదు. వచ్చే సోమవారం దాకా ఉంచుతారు, ఆ తర్వాత మునిసిపాలిటీ వాళ్లు పూడ్చేస్తారు అని రాసింది.

మంగళవారం పొద్దున్నే స్వరూప దాన్ని పేజీలో పెట్టింది. మధ్యాహ్నం ఫోను మోగింది.

"మేడం, నా పేరు బాలస్వామి. ధరూర్ పక్కన ఊరు మాది. బీజాపూర్ అవతల కాలువ పనికొచ్చినం. మీ సైటుల కొత్తగ పదకొండో నంబరు వచ్చింది గదా. రాత కనపడ్తుంది గాని ఫోటో వస్తలేదు. ఖాళీ డబ్బా, దాంట్ల క్రాసు గుర్తు."

స్వరూప తన తెర వైపు చూసింది. ఫోటో అక్కడే ఉంది.

"నాకు మంచిగనే కనపడ్తుందన్నా. నీది ఏం ఫోను?"

"చైనా ఫోను మేడం."

"గదే మరి. ఆ ఫోన్లల పెద్ద ఫోటోలు రావు. టౌనుకు పోయి నెట్ సెంటర్ల కంప్యూటర్ మీద చూడు."

అతను ఫోను పెట్టెయ్యలేదు. నెమ్మదిగా సంగతి చెప్పుకొచ్చాడు. తమ్ముడు శ్రీశైలం షోలాపూర్ అవతల కంకర మిషన్ కాడ పనికి పోయాడు. మేస్త్రి చెంప మీద కొట్టాడని అలిగి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఐదు వారాలైంది. పోయిన నెల ఎవరో పుణె దవాఖానలో తెలుగు పిల్లగాని శవం ఉందంటే, పని ఇడిసి పోయి చూసి వచ్చాడు.

"బట్ట తీసి చూపిచ్చిండ్రు మేడం. మావోడు కాడు. ఎవరి కొడుకో పాపం. ఇగ మళ్ల పోవాల్నంటే కాళ్లు రాతలేవు. ఫోటో చూస్తే మనసు గట్టి చేసుకోని పోత." కొంచెం ఆగి, "మావోనికి ఎడమ కనుబొమ్మ తెగి ఉంటది. జర మీరు చూసి చెప్తరా?" అని అడిగాడు.

స్వరూప ఫోటోను పెద్దది చేసింది. తెల్లకట్టు నుదుటి మీంచి కళ్ల దాకా దిగి ఉంది.

"కట్టు కట్టిండ్రన్నా. కనుబొమ్మలు కనపడ్తలేవు."

"అయితే టౌనుకే పోత మేడం" అన్నాడు బాలస్వామి. ఫోను పెట్టేశాక ఆమె తెర మీద వేరే ఫైలు తెరిచింది. ఆ రోజు రెండు మండలాల కూలీల జాబితాలు పూర్తి చేయాల్సి ఉంది.

బుధవారం కాలువలో కాంక్రీటు పోసే పని. మేస్త్రి ఎవరినీ కదలనివ్వలేదు. గురువారం పొద్దున బాలస్వామి పద్నాలుగు కిలోమీటర్లలో సగం నడిచి, సగం కంకర లారీ ఎక్కి టౌనుకు పోయాడు. సాయంత్రం గుడారాల కాడికి తిరిగొచ్చి ఫోను చేశాడు. 

"సెంటర్ల గూడ గంతే మేడం. ఎర్ర క్రాసే. ఆ పిల్లగాడు రెండు కంప్యూటర్ల మీద చూసిండు. వేరే ఏ ఫోటో అయిన వస్తుంది, మీదే వస్తలేదంటుండు."

రెండు కంప్యూటర్ల మీదా రాలేదంటే తప్పు ఫోనుది కాదేమోనని స్వరూపకు తట్టింది. అయినా నోరు మాత్రం అలవాటైన మాటే అంది. "ఆడ నెట్టు స్లో ఉండొచ్చన్నా. నేను ఫోటో సైజు తక్కువ చేసి పెడ్త. గంటాగి చూడు."

ఫోటో నిజంగానే పెద్దది. నర్సు కెమెరాతో తీసింది తీసినట్టే పంపింది. స్వరూప దాన్ని కుదించింది. ఫైలు పేరులో ఉన్న ఖాళీలు తీసేసి ఒక్క మాటగా చేసింది. పేజీని మళ్లీ పంపింది. తన తెర మీద చూసుకుంది. తెరవగానే టక్కున వచ్చింది. హమ్మయ్య అనుకుంది.

గంట తర్వాత బాలస్వామి చేశాడు. "డబ్బానే మేడం."

శుక్రవారం పొద్దున ఆమె సామ్యూల్ దగ్గరికి పోయింది. బస్టాండు ముందర మొబైల్ రిపేరు దుకాణం అతనిది. నలభై ఏళ్ల మనిషి, కంటికి భూతద్దం పెట్టుకుని ఫోన్ల పొట్టలు విప్పుతూ ఉంటాడు. విషయం విని తన ఫోనులో పేజీ తెరిచాడు. రాత వచ్చింది. దాని కింద ఖాళీ డబ్బా వచ్చింది. సామ్యూల్ పైకి పోయాడు, కిందికి పోయాడు. ఒకటి, రెండు, మూడు, పదకొండు. అన్నీ డబ్బాలే.

"గీ ఫోన్ల తప్పేం లేదు చెల్లె" అన్నాడు. ఏదో సినిమా సైటు తెరిచాడు. అందులో బొమ్మలు ఒక్కొక్కటి కిందికి దిగుతూ వచ్చాయి. "చూసినవా? సెట్టింగులు కరెక్టున్నయి. నీ పేజీల్నే ఏదో ఉన్నది."

"మరి నా కంప్యూటర్ల కనపడ్తుంది గదన్నా."

"నీ కంప్యూటర్ల ఒక్కదాంట్లనే కనపడ్తుంది కావొచ్చు" అన్నాడు సామ్యూల్. అతనా మాట ఊరికే అన్నాడు.

ఫోటోను ఫోను మెసేజీగా బాలస్వామికి పంపి చూశారు. ఆ చైనా ఫోను ఫోటో మెసేజీలు తీసుకునే రకం కాదు. స్వరూప కేంద్రానికి వచ్చి కూర్చుంది. పక్క వీధి నెట్ సెంటర్‌కు పోయి చూసి వచ్చింది. అక్కడా ఎర్ర క్రాసే. మళ్లీ వచ్చి, ఈసారి పేజీని కాకుండా పేజీ వెనక ఉన్న రాతను తెరిచింది. పేజీలో ఫోటో నిజానికి ఉండదు. ఫలానా చోట ఫలానా ఫోటో ఉంది, తెచ్చి చూపించు అని ఒక చిరునామా మాత్రం ఉంటుంది. ఆ చిరునామా ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న చోటుది కావాలి. ఆమె పేజీలో ఆ చిరునామా డి డ్రైవుతో మొదలవుతోంది. అంటే ఈ బల్ల కింద, ఆమె మోకాళ్ల ముందర గుయ్యిమంటున్న ఈ డబ్బాలోని అర. ఎవరు ఏ ఫోనులో తెరిచినా, ఆ ఫోను తనలో డి డ్రైవు కోసం వెతికి, దొరకక, ఖాళీ డబ్బా చూపిస్తోంది. ఈ ఒక్క కంప్యూటరు మీద మాత్రం అది ప్రతిసారీ దొరుకుతోంది.

పదకొండు ఫోటోలకూ అదే చిరునామా. ఫోటోలు ఇల్లు దాటనే లేదు. నలభై రోజులుగా, ఈ పేజీలో ఆమె, శ్రీనాథ్ సార్ తప్ప ఆ మొహాల్ని ఎవరూ చూడలేదు.

 సరిచేయడం ఎంతసేపు? పదకొండు ఫైళ్లు పైకి పంపాలి, పదకొండు చిరునామాలు మార్చాలి. గంట పని. మొదటి ఫైలు సగం పోయేసరికి తెర నల్లబడింది. ఫ్యాను ఆగిపోయింది. సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఊరంతా కరెంటు పోయిందని బయట ఎవరో అరుస్తున్నారు.

ఆ సాయంత్రం, మర్నాడు శనివారం మధ్యాహ్నం, కరెంటు ఆఫీసు మనుషుల్ని అడిగిందే అడిగింది. వస్తది, వస్తది అన్నారు. కంప్యూటర్ డబ్బాను గద్వాలకో, కనీసం పెబ్బేరుకో బస్సులో వేసుకుని పోయి పంపి ఉండొచ్చని ఆమెకు తోచలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ సంగతి ఆమెను వేపుకు తింది. అప్పుడు మాత్రం ఇప్పుడొస్తది ఇప్పుడొస్తది అని మీట కాడనే కూర్చుంది.

శనివారం ఆరింటికి కరెంటు వచ్చింది. ఏడింటికల్లా అన్నీ పంపింది. పరుగున పోయి సామ్యూల్ దుకాణంలో చూసింది. ఒకటో నంబరు నుంచి మొహాలు వరసగా దిగాయి. సామ్యూల్ అయిదారు చూసి ఫోను బోర్లా పెట్టేశాడు. "యేసయ్యా" అన్నాడు. ఆమె బాలస్వామికి ఫోను చేసింది. స్విచ్ఛాఫ్. గుడారాల దగ్గర కరెంటు ఉండదు. కూలీలు ఫోన్లు ఊరి బయట చాయ్ హోటల్లో చార్జింగ్ పెట్టి పొద్దున తెచ్చుకుంటారు.

ఆదివారం పది గంటలకు కలిసింది.

"అన్నా, ఇప్పుడు చూడు. ఇప్పుడు వస్తది."

"చూసి చేస్త మేడం" అని పెట్టేశాడు.

ఐదు నిమిషాలు. పది. ఇరవై నిమిషాలు గడిచినా ఫోను రాలేదు. ఆమే చేసింది. ఎవరో వేరే మనిషి ఎత్తాడు. వెనక నుంచి గొంతు పగిలేటట్టు ఏడుపు వినబడుతోంది.

"ఆయన మాట్లాడేటట్టు లేడు మేడం. ఆయన తమ్ముడే. కిందబడి పొర్లుతుండు."

"ఎట్లైన బస్సు ఎక్కియ్యి అన్నా. రేపు పొద్దున దాకనే ఉంచుతరు. జల్ది ఎక్కియ్యి."

ఆదివారం. దవాఖాన ఆఫీసు ఫోను మోగి మోగి ఆగింది. నర్సు ఫోను సాయంత్రం ఆరింటికి కలిసింది. కాగితాలు మునిసిపాలిటీకి శనివారమే పోయాయి, ఎవరో వస్తున్నారని శవాల గది కావలివాడికి చెప్తాను, అతని మాట వాళ్లు వింటారో లేదో అంది.

బాలస్వామి మూడు బస్సులు మారి సోమవారం పదకొండింటికి దవాఖాన చేరాడు. బండి ఎనిమిదింటికే వెళ్లిపోయింది. ఎవరో చూపిస్తే శ్మశానానికి పోయాడు. కొత్తగా పూడ్చిన గుంతలు తొమ్మిది ఉన్నాయి. ప్రతి దాని మీదా నంబరు రాసిన రేకు ముక్క. రిజిస్టరు చూసి అతని తమ్ముడిది ఏదో చెప్పారు. తవ్వి చూపించమని అడిగితే పోలీసు కాగితం, పెద్ద సార్ల కాగితం కావాలన్నారు. అతనికి మరాఠీ రాదు, హిందీ సగం సగం. సాయంత్రం దాకా ఆ మట్టి దగ్గర కూర్చున్నాడు. ఒక ప్లాస్టిక్ సంచిలో తమ్ముడి బట్టలిచ్చి, వేలిముద్ర వేయించుకుని పంపారు.

అంతలో ఇంకోటి జరిగింది. ఆదివారం గుడారాల దగ్గర బాలస్వామి ఫోను చేతులు మారింది. కుదించిన ఫోటో చిన్నది, ఏ ఫోనులోకైనా చిటికెలో పోతుంది. ఒకడు బ్లూటూత్‌తో తన ఫోనులో వేసుకున్నాడు, పక్క గుంపులో ఉన్న చుట్టాలకు చూపిద్దామని. వాడి నుంచి ఇంకొకడు. ఆ రాత్రి ఊరికి పోయే లారీలో ఒకడున్నాడు. బాలస్వామి దవాఖాన మెట్లెక్కుతున్న వేళకు, వాళ్ల ఊళ్లో బుచ్చన్న అనే పక్కింటాయన అన్నదమ్ముల తల్లి సత్యమ్మ ముందు నిలబడి, "పెద్దమ్మా, గీడ ఎవరో జర చూడు" అని ఫోను ఆమె కళ్లకు దగ్గరగా పెట్టాడు. చెప్పడానికి నోరు రాక అలా చేశానని తర్వాత అందరితో అన్నాడు. సత్యమ్మ అప్పుడు పల్లికాయ కొట్టి గింజలు తీస్తోంది.

బుధవారం శ్రీనాథ్ సార్ స్వరూపను పిలిచాడు. అప్పటికి ఆయనకు అంతా తెలుసు.

"ఎవరన్న అడిగితే సర్వర్ ప్రాబ్లం అని చెప్పు. మనం కావాలని చేసింది కాదు గదా. గీ ఒక్క సంగతితోటి కేంద్రమే మూతపడ్తది. రేపు మిగతా వాళ్లను ఎవరు చూస్తరు?"

ఆయన అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది. స్వరూప తలూపింది. గురువారం పొద్దున సెలవు చీటీ బల్ల మీద పెట్టి గద్వాల బస్సెక్కింది. గద్వాలలో దిగి ధరూర్ ఆటో. ఆటోలో పత్తి ఏరను పోయే ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె పక్కామెకు ఫోను చూపిస్తూ ఏదో గుసగుసగా చెబుతోంది. పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్వరూప మొహం బయటికి తిప్పుకుంది.

ఇంటి ముందర నలుగురైదుగురు మనుషులున్నారు. బాలస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గొంతు విన్న మనిషిని కళ్లతో చూడటం అదే మొదటిసారి. ముప్పై ఏళ్లుంటాయేమో, గడ్డం పెరిగి నలభైలా ఉన్నాడు. ఆమె పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"మీరెందుకొచ్చిండ్రు మేడం గింత దూరం?"

సత్యమ్మ లోపలి నుంచి చూసి, "ఎవరురా?" అంది.

"ఫోటో పెట్టిన మేడం అవ్వా."

సత్యమ్మ చాప మీద చోటు చూపించింది. స్వరూప కూర్చుంది. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు నోటికి రాలేదు. చివరికి ఉన్నదున్నట్టే చెప్పింది.

"అవ్వా, ఫోటో మంగళవారం నాడే నేను పెట్టిన. నేను తప్పు పెట్టిన. నా కంప్యూటర్లనే కనపడేటట్టు పెట్టిన, బయట ఎవరికీ కనపడలె. అన్న ఫోను చేసి చెప్పిండు. నీ ఫోన్లనే తప్పున్నదని నేనే అన్న. అన్న తప్పు ఏం లేదు, ఆ ఫోను తప్పు గూడ లేదు. మంగళవారమే మంచిగ పెట్టి ఉంటే మీకు దొరికేటోడు."

బాలస్వామి ఆమె వైపు కదలకుండా చూశాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది. టౌనుకు నడిచిన దారి గుర్తొచ్చిందో ఏమో, పంచె మీద చెయ్యి పిడికిలి బిగిసింది. సత్యమ్మకు కంప్యూటర్ సంగతి ఎంత అర్థమైందో తెలియదు. ఒక మాట మాత్రం పట్టుకుంది.

"అంటే ఎవ్వరికి కనపడకున్న, నీకు కనపడ్డడా?"

"కనపడ్డడవ్వా."

"మంగళవారం కెల్లి?"

"సోమవారం పొద్దుమూకినంక కెల్లి."

"మంచిగ చూసినవా బిడ్డా వాన్ని?"

స్వరూపకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఎన్నడూ ఆ ఫోటోల మొహాల్లోకి నిదానంగా చూడలేదు. నంబరు వేసేది, పేరు మార్చేది, అంచులు కోసేది. మొహం మీదికి చూపు పోతే తప్పించేది. అన్నం తినబుద్ధి కాకుండా పోతుందని. బాలస్వామి కనుబొమ్మ గురించి అడిగిన రోజు కూడా కట్టు దాకా చూసి తెర మార్చేసింది.

"చూడలేదవ్వా. భయమై మంచిగ చూడలె."

సత్యమ్మ బుచ్చన్నను పిలిచి ఫోను తెమ్మంది. అతను వెనకాడాడు. "తేరా" అంది మళ్లీ. తెచ్చిన ఫోనును తన చేత్తోనే స్వరూప ముందు పట్టింది. అరచేతిలో సగం లేని తెర. కట్టు కింద మూసుకున్న కళ్లు, ఎండిన పెదవులు, ఒక పక్కకు తిరిగిన మెడ.

"గీ కుడి చెవు చూడు. రెండు బొక్కలున్నయి. వానికంటె ముందుగాల ఇద్దరు పిల్లలు పోయిండ్రు నాకు. గీడు దక్కాల్నని రెండు కుట్లు కుట్టిపిచ్చిన. మొగపిల్లగానికి చెవుకు రెండు బొక్కలు ఎవరికుంటయి? నువ్వు ఫోన్ల గా ముక్క చెప్తే అయిపోవు గద బిడ్డా. ఫోటో ఎందుకు?"

బాలస్వామి మొహం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. కనుబొమ్మ సంగతి చెప్పాడే గానీ చెవి సంగతి అతనికీ తోచలేదు. ఇరవై రెండేళ్లు కళ్ల ముందర తిరిగిన చెవి.

సత్యమ్మ తిట్టలేదు. ఏడవనూ లేదు. ఫోను బుచ్చన్నకు ఇచ్చేసి, లేచి లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. ఒక ముసలామె స్వరూప భుజం తట్టి, పో బిడ్డా, బస్సు పోతది అంది.

బాలస్వామి రోడ్డు దాకా వచ్చాడు.  ఆటో దుమ్ము కనబడ్డాక అతను అన్నాడు.

"ఇగ ఆ ఫోటో తీసెయ్యుండ్రి మేడం."

"ఇయ్యాలనే తీసేస్తనన్నా."

"ఫోన్లల ఉన్నది గూడ తీస్తరా? అందరి తాన ఉన్నది. హోటల్ కాడ, బోరింగు కాడ చూస్తుండ్రు. పిల్లలు గూడ చూస్తుండ్రు."

"అది నా చేతుల లేదన్నా."

"నేననుకున్న గట్లనే అంటరని" అన్నాడు. కోపంగా అనలేదు. ఆటో ఎక్కించి, తిరిగి చూడకుండా నడిచి పోయాడు.

వనపర్తి చేరేసరికి పొద్దు గుంకింది. స్వరూప కేంద్రం తాళం తీసి పదకొండో నంబరు తీసేసింది. అక్కడే కూర్చుని మిగిలిన పదింటినీ ఒకటొకటిగా తెరిచి, ఒక్కో మొహాన్ని నుదురు నుంచి మెడ దాకా చూసింది. పచ్చబొట్టు, విరిగిన పన్ను, చెవి, మచ్చ, ఏది కనబడితే అది ఫోటో కింద రాసింది. రాస్తూ రెండుసార్లు బయటికి పోయి సందులో నిలబడి వచ్చింది. మర్నాడు శ్రీనాథ్ సార్ ఎక్కడికి పోయినవని అడిగితే చెప్పింది. ఆయన చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు. ఉద్యోగం తీసెయ్యలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తనూ లేదు.

ఆ నెలలోనే మిగిలిన పదిమందిలో ముగ్గుర్ని ఇంటివాళ్లు గుర్తుపట్టారు. ముగ్గురూ మట్టిలో కలిసినాకనే. వాళ్లలో నాలుగో నంబరుకు ఫోను వచ్చింది రాజోలి దిక్కు నుంచి. ఆడమనిషి గొంతు, సంతోషమో దుఃఖమో తెలియని తొందర.

"కనపడింది మేడం. ఇప్పుడు మంచిగ కనపడింది. మా ఆయననే. మోచేతి మీద పచ్చబొట్టు నా పేరే, కిష్టమ్మ అని. పోయిన నెల చేసిన మీకు, ఫోటో వస్తలేదని. ఫోను మార్చమంటిరి గదా. రెండు మేకలమ్మి కొత్తది తెచ్చిన. దీంట్ల వచ్చింది మేడం."

స్వరూప కళ్లు మూసుకుంది. ఎవరు చేశారో, ఏ రోజు చేశారో ఎంత తవ్వుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

"పాత ఫోన్ల గూడ వచ్చేదమ్మా" అంది. "తప్పు నీ ఫోనుది కాదు. నాది."

అవతల ఎక్కడో బర్రె అరిచింది.

"అయితే మా ఆయన ఇంక దవాఖాన్లనే ఉన్నడా మేడం?" అని అడిగింది కిష్టమ్మ. "ఏ బస్సుకు రావాలె?"